నర్సింగ్ విద్యార్థులకు ఆసుపత్రి పోస్టింగులు ఎలా వేస్తారు?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్రాసి పంపమని వార్డెన్ మేడమ్ గారు అడిగినప్పుడు మొదట హాస్టల్ జ్ఞాపకాలు వ్రాద్దామనుకున్నాను. స్టడీ అవర్లో కరెంటు పోవడం, పులికాట్ వైపు నుండి వచ్చే ఉప్పుగాలికి ట్రంకుపెట్టెలు తుప్పు పట్టడం, ఇలాంటివి నా కంటే బాగా వ్రాసేవాళ్ళు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. అందుకని చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు పనికివచ్చే ఒక పాఠం వ్రాస్తున్నాను.

ఇంటర్ పరీక్షలు అయిపోగానే మన హాస్టల్ పిల్లలు కొందరు నాకు ఫోన్ చేస్తుంటారు. "అక్కా, నర్సింగ్‌లో చేరదామనుకుంటున్నాం. ఏ కాలేజీ మంచిది?" అని అడుగుతారు. నేను తిరిగి ఒకే ప్రశ్న వేస్తాను. "ఆ కాలేజీ పిల్లలు డ్యూటీకి ఏ ఆసుపత్రికి పోతారు?" ఇంతవరకు ఒక్కరు కూడా జవాబు చెప్పలేదు. కాలేజీ బిల్డింగు చూసివుంటారు, బస్సు రంగు చెబుతారు, స్కాలర్‌షిప్ వస్తుందో రాదో కనుక్కుని ఉంటారు. ఆసుపత్రి సంగతి మాత్రం అడగరు. 2004లో నేనూ అడగలేదు. దాని ఫలితం ఏమిటో తర్వాత చెబుతాను. ముందు అసలు పోస్టింగు అంటే ఏమిటో చూద్దాం.

గంటల లెక్క

నర్సింగ్‌లో పుస్తకం చదవడం ఒక భాగమే. మిగతాది వార్డులో, పేషెంటు పక్కన నిలబడి నేర్చుకోవాలి. దీన్నే క్లినికల్ పోస్టింగ్ అంటారు. పిల్లలు 'డ్యూటీ' అనీ, 'క్లినికల్స్' అనీ అంటారు.

బి.యస్సీ. నర్సింగ్ నాలుగేళ్ళ కోర్సు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనలు 2021లో గెజిట్‌లో వచ్చాక ఇది ఎనిమిది సెమిస్టర్లుగా మారింది. అందులో క్రెడిట్ల లెక్క ఇలా ఉంటుంది. క్లాసు పాఠానికైతే 20 గంటలకు ఒక క్రెడిట్. ల్యాబ్‌కు 40 గంటలు. ఆసుపత్రి పనికి 80 గంటలు చేస్తేనే ఒక క్రెడిట్. మొదటి సెమిస్టర్లో నర్సింగ్ ఫౌండేషన్ సబ్జెక్టుకు వార్డులో 160 గంటలు, రెండో సెమిస్టర్లో 320 గంటలు. మూడు, నాలుగు సెమిస్టర్లలో పెద్దల జబ్బులకు సంబంధించిన సబ్జెక్టుకు 480 గంటల చొప్పున ఉంటాయి. చివరి సెమిస్టర్ మొత్తం 22 వారాల ఇంటర్న్‌షిప్పే. పెద్దల వార్డుల్లో 6 వారాలు, పిల్లల విభాగం, మానసిక వైద్యం, ప్రసూతి, కమ్యూనిటీ ఒక్కొక్కటి 4 వారాలు.

జి.ఎన్.ఎం. ఇప్పుడు మూడేళ్ళు. అందులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. మధ్యలో కొంతకాలం అది మూడున్నరేళ్ళు ఉండేది కాబట్టి మీ అక్కలు చెప్పే లెక్కకూ మీ లెక్కకూ తేడా వస్తే కంగారు పడవద్దు.

హాజరు విషయంలో చాలామంది పొరబడతారు. బి.యస్సీ.లో పరీక్ష వ్రాయడానికి 80 శాతం హాజరు చాలు. కాని డిగ్రీ చేతికి రావాలంటే వార్డు హాజరు నూటికి నూరు ఉండాలి. జ్వరం వచ్చి నాలుగు రోజులు పోలేదనుకోండి, ఆ నాలుగు రోజులు తర్వాత చేసి తీరాలి. అందుకే ఫైనల్ ఇయర్లో ఫ్రెండ్సంతా ఊళ్ళకు పోయాక కొందరు ఒంటరిగా పాత డ్యూటీలు పూడ్చుకుంటూ కనిపిస్తారు.

ప్లాన్ ఎలా వేస్తారు?

ఇప్పుడు నేను ట్యూటర్‌గా పనిచేస్తున్నాను. ఏడాది మొదట్లో మా స్టాఫ్ రూములో గోడంత కాగితం మీద గళ్ళు గీస్తాం. దాన్ని మాస్టర్ రొటేషన్ ప్లాన్ అంటారు. ఏ సంవత్సరం పిల్లలు ఏ వారంలో క్లాసులో ఉంటారు, ఏ వారంలో ఆసుపత్రిలో ఉంటారు, పరీక్షలెప్పుడు, సెలవులెప్పుడు అనేది అందులో ఉంటుంది. అసలు కష్టమంతా ఒకే వార్డులో రెండు సంవత్సరాల పిల్లలు ఒకేసారి పడకుండా చూడడం. ఒక్క మంచం చుట్టూ పన్నెండు మంది తెల్లకోట్లు నిలబడితే పేషెంటుకు ఊపిరాడదు, పిల్లలకు ఏమీ కనపడదు.

దాన్నుండి ఒక్కొక్క క్లాసుకు విడిగా క్లినికల్ రొటేషన్ ప్లాన్ తీస్తాం. ఒక లెక్క చూడండి. క్లాసులో 40 మంది ఉన్నారు. పదిమందికి ఒక టీచరు ఉండాలని నియమం కాబట్టి నాలుగు గ్రూపులు చేస్తాం. మగవారి మెడికల్, ఆడవారి మెడికల్, మగవారి సర్జికల్, ఆడవారి సర్జికల్, ఇవి నాలుగు వార్డులు. ఒక్కొక్క గ్రూపు రెండేసి వారాలు ఉండి పక్క వార్డుకు మారుతుంది. ఎనిమిది వారాలకు అందరూ నాలుగు వార్డులూ చుట్టి వస్తారు. మొదటి గ్రూపు పిల్లలు సర్జికల్ పాఠం వినకముందే సర్జికల్ వార్డులో పడే ప్రమాదం ఉంది. అందుకని వార్డుకు పంపేముందు స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మీద చేయించి పంపాలి. బొమ్మ అరవదు, కదలదు. అయినా చేతికి కొంత అలవాటు వస్తుంది.

వార్డులోకి పోయాక ఇన్‌ఛార్జ్ సిస్టర్, మా క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ కలిసి ఒక్కొక్క విద్యార్థికి పేషెంట్లను అప్పగిస్తారు. ఉదయం డ్యూటీ ఏడున్నర, ఎనిమిది మధ్య మొదలవుతుంది. రాత్రి సిస్టర్ ఒక్కొక్క మంచం దగ్గర నిలబడి హ్యాండోవర్ చెబుతుంటే వినాలి. ఆ తర్వాత బెడ్ మేకింగ్, స్పాంజ్ బాత్, టెంపరేచర్, పల్స్, బి.పి., మందులు. మధ్యలో ఒక గంట బెడ్‌సైడ్ క్లాసు. సాయంత్రం రూముకు వచ్చాక కేర్ ప్లాన్, డ్రగ్ బుక్ వ్రాసుకోవాలి. నైట్ డ్యూటీలు పై సంవత్సరాల్లో వస్తాయి.

పేషెంట్లను కాగితం మీద పేరు వ్రాసి అప్పగించడం చిన్న విషయంలా కనిపిస్తుంది. నాకు మాత్రం అది చాలా పెద్ద విషయం. మా రోజుల్లో ఒక వార్డులో ఆ కాగితం ఉండేది కాదు. ఎవరికి ఏ పని చెప్పాలో ఆ పూట ఉన్నవాళ్ళ ఇష్టం. సంక్షేమ హాస్టల్ నుండి వచ్చిన పిల్లలమని తెలిశాక బెడ్‌పాన్లన్నీ మా ముగ్గురికే వచ్చేవి, ఇంజెక్షన్ ట్రే వేరేవాళ్ళకు పోయేది. బెడ్‌పాన్ ఇవ్వడం నర్సు పనే, అందులో నామోషీ లేదు. అది అందరి పని. ఫలానా ఊరి పిల్లకు, ఫలానా హాస్టల్ పిల్లకు అని పంచే పని కాదు. ఇప్పుడు నేను వేసే లిస్టులో మూడో నంబరు పేషెంటుకు ఏమేమి అవసరమో అవన్నీ ఒక్కరే చేస్తారు. స్పాంజ్ బాత్ చేసిన చేతులే మందూ ఇస్తాయి.

తడలో కాలేజీ పెడితే?

పడకల నియమం అర్థం కావడానికి ఒక ఊహ చేద్దాం. మన తడలోనే ఏటా 40 మందితో ఒక నర్సింగ్ కాలేజీ పెట్టారనుకోండి. ఒక విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు ఉండాలని నియమం. నాలుగేళ్ళకు 160 మంది అవుతారు. సగం మంది క్లాసులో ఉన్నారనుకున్నా 80 మంది వార్డులో ఉంటారు. అంటే 240 మంది పేషెంట్లు కావాలి. ఖాళీ మంచాలు లెక్కకు రావు, పడకల్లో కనీసం 75 శాతం నిండి ఉండాలని కూడా నియమం. కాలేజీకి సొంతంగా 100 పడకల ఆసుపత్రి ఉండాలి. అది చాలకపోతే వేరే ఆసుపత్రులతో ఒప్పందం చేసుకోవచ్చు, అవి కూడా ఒక్కొక్కటి 50 పడకలకు తగ్గకూడదు, 15 నుండి 30 కిలోమీటర్ల లోపల ఉండాలి.

ఇప్పుడు మన చుట్టూ చూడండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ప్రమాణం 6 పడకలు, సామాజిక ఆరోగ్య కేంద్రానికి 30. తడ నుండి 30 కిలోమీటర్ల గీత గీస్తే ఉత్తరాన సూళ్ళూరుపేట, తూర్పున సరస్సు అవతల శ్రీహరికోట, దక్షిణాన తమిళనాడులో ఆరంబాకం, గుమ్మిడిపూండి వస్తాయి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు నెల్లూరు, తిరుపతి, చెన్నైలలో ఉన్నాయి. మూడింటిలో దగ్గరిది చెన్నై, అదీ డెబ్భై ఎనభై కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో మన మండలం నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలోకి మారింది గాని ఈ దూరాలు మారలేదు గదా!

కాబట్టి మన పిల్లలు నర్సింగ్ చదవాలంటే ఊరు వదలక తప్పదు. వదిలేటప్పుడు కాలేజీని కాకుండా ఆసుపత్రిని చూసుకుని పోవాలి. తిరుపతిలో రుయా ఆసుపత్రి, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్ ఒకే ఊళ్ళో ఉన్నాయి. నెల్లూరులో మనవాళ్ళు డి.ఎస్.ఆర్. ఆసుపత్రి అని పిలుచుకునే పెద్దాసుపత్రి 2014లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ రావడంతో బోధనాసుపత్రి అయింది. రాయవేలూరు సి.ఎం.సి.లో నర్సింగ్ స్కూలు 1909లో మొదలై 1946లో డిగ్రీ కాలేజీ అయింది. ఢిల్లీలో కూడా అదే ఏడాది మొదలైంది, మన దేశంలో నర్సింగ్ డిగ్రీకి ఈ రెండే మొదలు. సి.ఎం.సి. పద్ధతిలో నాకు నచ్చింది ఏమిటంటే, అక్కడ పాఠం చెప్పేవాళ్ళే వార్డు బాధ్యతలో కూడా ఉంటారు. మిగతా చోట్ల టీచరు ఒక మాట, వార్డు సిస్టర్ ఒక మాట చెబుతుంటే పిల్లలు మధ్యలో నలుగుతారు.

నా సంగతి

2004లో నేను చేరిన కాలేజీ పేరు వ్రాయను. దాని ఆసుపత్రికి కాగితం మీద నూరు పడకలు. నిజంగా పేషెంట్లు పది పన్నెండు మందికి మించి ఉండేవారు కాదు. ఉన్న పది మందికీ ఉదయం నుండి మధ్యాహ్నం వరకు మేమే ఇరవైసార్లు బి.పి. చూసేవాళ్ళం. ఒక తాత విసిగిపోయి చెయ్యి దుప్పటిలో దాచుకునేవాడు.

తనిఖీ వస్తుందంటే ముందురోజే హడావిడి. సెకండ్ ఇయర్లో అలాంటి ఒక రోజున నా ఎడమ చేతికి కట్టు కట్టి మూడో నంబరు మంచం మీద పడుకోబెట్టారు. తలవైపు వ్రేలాడే కేస్ షీటులో నా పేరు వేరే, నా వయస్సు ముప్ఫై ఎనిమిది. పక్క మంచంలో నా రూమ్మేటుకు ఆయాసం. తనిఖీకి వచ్చినవాళ్ళు రెండు నిమిషాల్లో దాటిపోయారు. మధ్యాహ్నం అందరికీ బిర్యానీ పెట్టారు. మేమూ నవ్వుకుంటూ తిన్నాం, ఆ వయస్సులో అది తమాషాగానే ఉండింది.

ఇంకొక తప్పు మాదే. ప్రతి విద్యార్థికి ఒక లాగ్ బుక్ ఉంటుంది. ఏ పని ఎన్నిసార్లు చూశావు, ఎన్నిసార్లు సాయం చేశావు, ఎన్నిసార్లు స్వయంగా చేశావు అని వ్రాసి టీచరు సంతకం తీసుకోవాలి. అప్పటి సిలబస్సులో ఒక్కొక్కరు 20 సాధారణ ప్రసవాలు చేయాలని ఉండేది. నేను చేసినవి మూడు. పుస్తకంలో మాత్రం ఇరవై. ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబు ఐదుసార్లు వేసినట్లు సంతకాలున్నాయి, నేను ఒక్కసారీ వేయలేదు. సీనియర్ల పుస్తకం చూసి అందరం ఒకే రాత్రి కూర్చుని వ్రాసుకున్నాం.

2008లో చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. మొదటి వారంలోనే నైట్ డ్యూటీ. సూళ్ళూరుపేట వైపు నుండి వచ్చిన ఒక పెద్దాయనకు రైల్స్ ట్యూబు వేయమన్నారు. ట్రే సర్దాను. ట్యూబు కొలవడం గుర్తుంది, ముక్కు నుండి చెవి దాకా, అక్కడి నుండి రొమ్ము ఎముక చివరి దాకా. గుర్తు పెట్టుకున్నాను. అంతే, అక్కడితో చెయ్యి ఆగిపోయింది. ఆయన నా మొహం చూసి, "భయపడబాకమ్మా. నువ్వు తొయ్యి, నేను మింగతాలే" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోయి సీనియర్ సిస్టర్‌కు నిజం చెప్పేశాను. ఆమె ఒక మలయాళీ. తిట్టలేదు. నా చెయ్యి పైన తన చెయ్యి వేసి, ఆయన మింగినప్పుడల్లా కొంచెం కొంచెం తోయించి, ట్యూబు కడుపులోకే పోయిందో లేదో సిరంజితో లాగి చూపించింది. ఐదు సంతకాలున్న పని నేను నేర్చుకున్నది ఆ రాత్రి. ఆమె కాకుండా ఇంకెవరైనా ఉండి, నేను నోరు మూసుకుని ట్యూబును ఊపిరితిత్తుల్లోకి తోసివుంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

రద్దీ ఎక్కువైతే

పేషెంట్లు లేకపోవడం ఒక లోపమైతే, రద్దీ మరీ ఎక్కువ ఉన్న ఆసుపత్రిలో ఇంకో లోపం ఉంది. స్టాఫ్ చాలనిచోట విద్యార్థులతో స్టాఫ్ పని చేయిస్తారు. సెకండ్ ఇయర్ పిల్లను ఒక వార్డుకు ఒంటరిగా వదిలేయడం నాకు తెలుసు. దీనికి కూడా నియమం ఉంది. ఒప్పందం చేసుకున్న ఆసుపత్రి మిమ్మల్ని విద్యార్థులుగానే చూడాలి, ఉద్యోగులుగా కాదు. పని ఎక్కువైనా నేర్పేవాళ్ళు పక్కన ఉంటే ఫరవాలేదు. నా దృష్టిలో ఖాళీ వార్డు కంటే రద్దీ వార్డే నయం, పక్కన టీచరు ఉన్నంతవరకు.

ఊరు దాటే పోస్టింగులు

మానసిక వైద్యానికి 30 నుండి 50 పడకలైనా ఉన్న ఆసుపత్రి కావాలి. అవి అన్ని ఊళ్ళలో ఉండవు. మా బ్యాచ్‌ను విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు నాలుగు వారాలు పంపారు. నేను నాలుగేళ్ళలో నిజంగా నేర్చుకున్న నెల అదే. అయితే రైలు చార్జీ, అక్కడ ఉండడానికి రూము, మెస్ ఖర్చు మేమే పెట్టుకోవాలని రెండు వారాల ముందు చెప్పారు. మా అమ్మ వడ్డీకి తెచ్చి పంపింది. ఇలాంటివి చేరే రోజే అడగాలి.

కమ్యూనిటీ పోస్టింగు అంటే గ్రామాలకు పోవడం. మన ప్రాంతం దీనికి మంచి పాఠశాల. ఫ్లెమింగో ఫెస్టివల్‌కు మనమంతా పోయే భీములవారిపాళెం పడవల రేవు తెలుసు గదా. అక్కడి నుండి పులికాట్ సరస్సులో ఇరకం దీవికి పడవలు పోతాయి. నెలలు నిండిన తల్లిని ఆసుపత్రికి చేర్చాలంటే ముందు పడవ లెక్క వేసుకోవాలి, గాలి చూసుకోవాలి. కాన్పు తేదీకి ఎన్ని రోజుల ముందు ఒడ్డుకు తీసుకురావాలి, ఎవరింట్లో ఉంచాలి, తోడు ఎవరు వస్తారు, ఇవన్నీ ఆ ఇంటివాళ్ళతో కూర్చుని మాట్లాడడమే కమ్యూనిటీ నర్సింగ్. పుస్తకంలో ఇది రెండు పంక్తులు. ఇంటికి పోయినప్పుడు న్యూస్‌పేపరు పరిచి బ్యాగు దానిమీద పెట్టడం, ముందు చేతులు కడుక్కుని తర్వాతే బ్యాగు లోపల చెయ్యి పెట్టడం లాంటివి కూడా అక్కడే అలవాటవుతాయి. బి.యస్సీ. చేసినవాళ్ళకు గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో ఎం.ఎల్.హెచ్.పి. ఉద్యోగాలు వచ్చాక ఈ పోస్టింగును తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

మన పిల్లలకు ఇంకో సౌకర్యం ఉంది. సరిహద్దులో పెరిగాం కాబట్టి అరవం వచ్చు. చెన్నై, వేలూరు వార్డుల్లో మిగతా తెలుగు పిల్లలు సైగలు చేస్తుంటే మనవాళ్ళు పేషెంటుతో కబుర్లు చెబుతుంటారు.

హాస్టల్ టైములు

పోస్ట్‌మెట్రిక్ హాస్టల్లో ఉండి నర్సింగ్ చదివేవాళ్ళకు ఇది పెద్ద చిక్కు. సాయంత్రం డ్యూటీ ఎనిమిదింటికి అయిపోతే అప్పటికి హాస్టల్ గేటు వేసేసి ఉంటారు, అన్నం అయిపోయి ఉంటుంది. నైట్ డ్యూటీ చేసి పొద్దున పడుకుంటే హాజరు పట్టీలో ఆబ్సెంట్ పడుతుంది. వార్డెన్ల తప్పు కాదు, వారికి మన డ్యూటీలు తెలియవు. నెల మొదట్లోనే ప్రిన్సిపాల్ సంతకంతో రొటేషన్ ప్లాన్ కాపీ ఒకటి వార్డెన్‌కు ఇవ్వండి. బయటి ఊరి పోస్టింగైతే తేదీలు వేసిన లెటరు తీసుకోండి. ఇలా చేసిన పిల్లలకు అన్నం తీసిపెట్టడం నేను చూశాను.

చేరేముందు

కాలేజీ ఆఫీసులో అడగవలసినవి అడగండి. సొంత ఆసుపత్రి ఎక్కడ, ఒప్పందం ఉన్న ఆసుపత్రులు ఏవి, కాన్పులు ఎక్కడ చేస్తారు, బస్సు వాళ్ళదేనా, వార్డుకు టీచరు వెంట వస్తారా అని. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ కోసం 2023లో కొత్త చట్టం చేశారు. చట్టం ఏదైనా మంచం మీద పేషెంటు ఉన్నారో లేరో మీ కళ్ళతో మీరు చూసుకోవలసిందే. ఫైనల్ ఇయర్ పిల్లలెవరైనా కనిపిస్తే పక్కకు పిలిచి, "అక్కా, నువ్వు సొంతంగా ఎన్ని కాన్పులు చేశావు?" అని అడగండి. లాగ్ బుక్ అంకె కాకుండా అసలు అంకె చెప్పమనండి.

తర్వాత అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని ఆ ఆసుపత్రికి పోండి. ఉదయం ఓ.పి. టైములో కాదు, మధ్యాహ్నం మూడింటికి, విజిటర్లలాగా. వార్డులో మంచాల కిందికి చూడండి. పేషెంటు ఉన్న మంచం కింద టిఫిన్ క్యారియరు, ఫ్లాస్కు, చెప్పులు, చుట్టిపెట్టిన చాప ఉంటాయి. మా కాలేజీ ఆసుపత్రిలో మంచాల కింద ఏమీ ఉండేది కాదు. నేల మాత్రం అద్దంలా మెరిసేది. చేరే రోజున మా నాన్న అది చూసి, "ఎంత శుభ్రంగా పెట్టుకున్నారో చూడు" అన్నాడు.